ఘన హైడ్రోజన్‌లో కదిలేది ఏది?

హైడ్రోజన్ పరమాణువు ఒకటి పక్కనున్న హైడ్రోజన్ అణువుతో చర్య జరిపి, అందులోని ఒక పరమాణువుతో కొత్త బంధం కట్టి, రెండోదాన్ని బయటికి నెట్టాలంటే దాటాల్సిన శక్తి అవరోధం సుమారు 0.42 ఎలక్ట్రాన్ ఓల్టులు. ఉష్ణోగ్రత భాషలో చెప్పుకుంటే దాదాపు 4,800 కెల్విన్‌లు. ద్రవ హీలియం ఉష్ణోగ్రత, అంటే 4 కెల్విన్‌ల దగ్గర, ఉష్ణోగ్రతను బట్టి చర్య వేగం చెప్పే అరీనియస్ సూత్రంలో ఈ అంకెలు వేస్తే ఆ అవరోధాన్ని ఎక్కి దాటే అవకాశం 10⁻⁵²⁰ దరిదాపుల్లో తేలుతుంది. విశ్వం పుట్టి ఇప్పటికి గడిచినవి 10¹⁸ సెకన్ల లోపే. లెక్క ప్రకారం ఈ చర్య ఎన్నడూ జరగకూడదు. ప్రయోగశాలలో మాత్రం గంటల వ్యవధిలో జరుగుతూనే ఉంటుంది.

కారణం క్వాంటం టన్నెలింగ్ (అవరోధాన్ని ఎక్కకుండానే అందులోంచి దూసుకుపోవడం) అని ఒక్క మాటలో తేల్చేయవచ్చు. చాలా పరిచయ వ్యాసాలు అక్కడే ఆగిపోతాయి. అసలు చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది. ఘన హైడ్రోజన్‌లో ‘విసరణ’ (డిఫ్యూజన్) అనే ఒకే పేరుతో కనీసం మూడు వేర్వేరు కదలికలు చలామణీ అవుతున్నాయి. ఒకదాంట్లో అణువు తన చోటు నుంచి నిజంగానే కదులుతుంది. ఇంకోదాంట్లో అణువులన్నీ ఉన్నచోటే ఉంటాయి, వాటి కేంద్రకాల స్పిన్ (అంతర్గత భ్రమణం లాంటి గుణం) స్థితి మాత్రమే చేతులు మారుతుంది. మూడోదాంట్లో రసాయన బంధం ఒకచోటి నుంచి పక్కచోటికి మారుతూ పోతుంది. వీటి వేగాలు వేరు, ఉష్ణోగ్రతకు అవి స్పందించే తీరు వేరు, కొలిచే పరికరాలూ వేరు. ఒకదాని అంకె తెచ్చి ఇంకోదానికి అతికిస్తే ఫలితం పదుల రెట్లు కాదు, కోట్ల రెట్లు తప్పవచ్చు.

మొదట స్ఫటికం సంగతి. జేమ్స్ డ్యూవర్ 1898లో హైడ్రోజన్‌ను ద్రవంగా, 1899లో ఘనంగా మార్చాడు. అది గడ్డకట్టేది 14 కెల్విన్‌ల దగ్గర. సాంద్రత నీటి సాంద్రతలో పదకొండో వంతు కూడా ఉండదు. అణువులు షడ్భుజాకార సన్నిహిత కూర్పులో సర్దుకుంటాయి, ఒక్కో అణువు చుట్టూ పన్నెండు పొరుగు అణువులు. ఇరుగుపొరుగు అణువుల కేంద్రాల మధ్య దూరం 3.79 ఆంగ్‌స్ట్రామ్‌లు. అణువు లోపల రెండు కేంద్రకాల మధ్య దూరం 0.74 ఆంగ్‌స్ట్రామ్‌లే. అంటే అణువుల మధ్య చాలా ఎడం ఉంది. ఆ ఎడాన్ని తెచ్చిపెట్టింది శూన్యబిందు కదలికే. ఎంత చల్లబరిచినా అణువు తన చోట నిలకడగా ఉండదు, పొరుగుదాని దూరంలో దాదాపు 18 శాతం మేర అటూ ఇటూ పరుచుకుని ఉంటుంది. మామూలు లోహాలు ఈ స్థాయికి రాకముందే కరిగిపోతాయి. ఇంతటి అస్థిమితం ఉన్నా స్ఫటికంగా నిలబడగలిగేవి హీలియం, హైడ్రోజన్, దాని ఐసోటోపులే.

ఈ అస్థిమితం చూసి, అణువులు ఎడాపెడా చోట్లు మార్చుకుంటాయని అనుకోవడం సులువు. ఘన హీలియం విషయంలో అది చాలావరకు నిజం. హైడ్రోజన్ విషయంలో కాదు. ఇక్కడ అణువుల మధ్య ఆకర్షణ హీలియంలో కంటే బాగా ఎక్కువ. అణువు కదలాలంటే పక్కన ఖాళీ స్థానం ఒకటి ఉండాలి. ఆ ఖాళీని పుట్టించడానికీ, అణువు అందులోకి జరగడానికీ కలిపి దాదాపు 200 కెల్విన్‌ల ఉత్తేజన శక్తి కావాలని కేంద్రక అయస్కాంత అనునాద (ఎన్‌ఎంఆర్) కొలతలు చెబుతున్నాయి. దీని అర్థం అంకెల్లో చూడాలి. అణువు సెకనుకు 10¹³ సార్లు ప్రయత్నిస్తుందని అనుకుంటే, 8 కెల్విన్‌ల దగ్గర సెకనుకు వందకు పైగా గెంతులు వేస్తుంది. 6 కెల్విన్‌ల దగ్గర అర నిమిషానికి ఒక గెంతు. 5 దగ్గర ఆరున్నర గంటలకు ఒకటి. 4 దగ్గర పదహారేళ్లకు ఒకటి. నాలుగు డిగ్రీల తేడాలో స్ఫటికం పూర్తిగా బిగుసుకుపోతుంది. ద్రవ హీలియం ఉష్ణోగ్రతలో ఏదైనా కదులుతోందంటే అది ఈ దారిన కదలడం లేదని ఖాయంగా చెప్పవచ్చు.

ఆర్థో, పారా: అణువు కదలకుండా జరిగే ప్రయాణం

హైడ్రోజన్ అణువులోని రెండు ప్రోటాన్ల స్పిన్‌లు ఒకే దిశలో ఉంటే ఆర్థో, ఎదురెదురుగా ఉంటే పారా. క్వాంటం నియమాల వల్ల ఆర్థో అణువు అత్యల్ప శక్తి స్థితిలోనూ ఒక క్వాంటం భ్రమణంతో తిరుగుతూనే ఉండాలి, పారా అణువుకు ఆ బాధ్యత లేదు. రెండింటి శక్తుల మధ్య తేడా 170 కెల్విన్‌లు. గది ఉష్ణోగ్రత దగ్గర వాయువులో ఆర్థో మూడు పాళ్లు, పారా ఒక పాలు. దాన్ని అలాగే గడ్డకట్టిస్తే అదే నిష్పత్తి స్ఫటికంలోకి వచ్చేస్తుంది, ఆపైన నెమ్మదిగా పారా వైపు జారుతుంది.

ఈ జారుడు వేగం ఆర్థో శాతం వర్గానికి అనుపాతంలో ఉంటుంది, దాని స్థిరాంకం గంటకు 1.9 శాతం. ఒక ఆర్థో అణువు మారాలంటే పక్కనే ఉన్న ఇంకో ఆర్థో అణువు అయస్కాంత క్షేత్రం కావాలి కాబట్టే వర్గం వచ్చింది. ఈ సూత్రంతో లెక్కవేస్తే 75 శాతం నుంచి 50 శాతానికి రావడానికి 35 గంటలు, 10 శాతానికి 19 రోజులు, ఒక్క శాతానికి ఏడు నెలలకు పైగా పడుతుంది. స్వచ్ఛమైన పారా స్ఫటికం కావాలంటే వేచి ఉండడం దారి కాదని దీన్నిబట్టే తెలుస్తుంది.

ఈ సూత్రంలో పైకి కనపడని చిక్కు ఒకటి ఉంది. ఆర్థో శాతం బాగా తగ్గాక, జంటగా ఉన్నవన్నీ మారిపోయాక, మిగిలిన ఆర్థో అణువులు ఒంటరిగా, ఒకదానికొకటి దూరంగా ఉండిపోవాలి. పక్కన తోడు లేదు కాబట్టి మార్పు ఆగిపోవాలి. ఆగడం లేదు. ఒంటరి ఆర్థోలు ఎలాగో ఒకచోటికి చేరుతున్నాయన్న మాట, అదీ అణువులు పదహారేళ్లకొక గెంతు వేసే ఉష్ణోగ్రతలో. ఒయార్జున్, వాన్ క్రానెన్‌డాంక్ 1971లో దీనికి వివరణ ఇచ్చారు. పక్కపక్కనే ఉన్న ఆర్థో, పారా అణువులు రెండూ ఒకేసారి మారతాయి: ఆర్థో పారా అవుతుంది, పారా ఆర్థో అవుతుంది. మొత్తం శక్తిలో తేడా సున్నా, కాబట్టి 170 కెల్విన్‌లు ఎక్కడి నుంచీ తెచ్చుకోనక్కర్లేదు. అణువులు ఎక్కడివక్కడే ఉంటాయి, ఆర్థోతనం ఒక అడుగు జరుగుతుంది. నిప్పంటుకున్నప్పుడు బావి నుంచి ఇంటిదాకా వరుసగా నిలబడినవాళ్లు బిందె చేతులు మార్చినట్టు, మనుషులు కదలరు, నీళ్లు చేరతాయి.

ఒక కెల్విన్ దిగువన ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. పక్కపక్కన ఉన్న రెండు ఆర్థో అణువులు తమ విద్యుత్ చతుర్ధ్రువ ఆకర్షణ (అణువులో ఆవేశం పరుచుకున్న తీరు వల్ల వచ్చేది) వల్ల దాదాపు 3 కెల్విన్‌ల మేర శక్తి తగ్గించుకుంటాయి. ఆ ఉష్ణోగ్రతలో కొన్ని శాతాల ఆర్థో ఉన్న స్ఫటికాన్ని ఉంచితే గంటల వ్యవధిలో జంటల సంఖ్య పెరుగుతుంది. ఇది అసలైన క్వాంటం విసరణే, కానీ ద్రవ్యరాశి కదలిక కాదు. ఈ వేగాన్ని చూసి, స్ఫటికంలోని మలినాలు కూడా ఇలాగే తిరుగుతాయని అనుకోవడానికి లేదు.

కొలతల్లో ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. కేంద్రక అయస్కాంత అనునాదంలో సంకేతం ఇచ్చేది ఆర్థో ఒక్కటే, పారా అణువు మొత్తం కేంద్రక స్పిన్ సున్నా. రోజులు గడిచేకొద్దీ సంకేతం తగ్గుతుంటే నమూనా ఆవిరైపోతోందనుకోవచ్చు. నమూనా అక్కడే ఉంటుంది, పారాగా మారుతోందంతే.

మార్పిడి వేడి కూడా తక్కువది కాదు. ఆర్థో నుంచి పారాకు మోల్‌కు 1.42 కిలోజౌల్‌లు వెలువడతాయి. మూడు పాళ్ల ఆర్థో ఉన్న ఒక మోల్ ఘనం, అంటే 23 ఘన సెంటీమీటర్లు, మొదటి గంటలో 4 మిల్లీవాట్‌ల దాకా వేడి పుట్టిస్తుంది. ద్రవ హీలియం పాత్రకు ఇది లెక్కలోది కాదు. వంద మిల్లీకెల్విన్‌ల దగ్గర మైక్రోవాట్‌లలో చల్లబరిచే డైల్యూషన్ రిఫ్రిజిరేటర్‌కు మాత్రం మోయలేని బరువు. అందుకే ఆ స్థాయిలో పనిచేసేవాళ్లు నానోమీటర్ల మందం పొరలతో సరిపెట్టుకుంటారు. రాకెట్ ఇంధనానిదీ ఇదే తంటా. శ్రీహరికోట నుంచి ఎగిరే ఇస్రో రాకెట్ ఎల్‌వీఎం3 పై అంచెలో వాడేలాంటి ద్రవ హైడ్రోజన్‌ను ముందే పారాగా మార్చకపోతే, నిల్వలో తనకు తానే మారుతూ విడుదల చేసే వేడి ఆ ద్రవాన్ని మొత్తం ఆవిరి చేయడానికి సరిపోతుంది. ద్రవం ఆవిరి కావడానికి మోల్‌కు కావాల్సింది 0.9 కిలోజౌల్‌లే మరి.

పరమాణువు దారి వేరు

స్ఫటికంలో అణువు బదులు ఒంటరి హైడ్రోజన్ పరమాణువు ఇరుక్కుంటే కథ మారుతుంది. గామా కిరణాలతోనో, ఎలక్ట్రాన్‌లతోనో, అతినీలలోహిత కాంతితోనో అణువుల్ని చీల్చి వీటిని తయారుచేస్తారు. 1950ల రెండో సగంలో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ అప్లైడ్ ఫిజిక్స్ లేబొరేటరీలో ఇలా చిక్కిన పరమాణువుల్ని ఎలక్ట్రాన్ స్పిన్ రెజొనెన్స్‌తో (జతలేని ఎలక్ట్రాన్ అయస్కాంత సంకేతాన్ని పట్టే పద్ధతితో) గుర్తించారు. అవి ఎలా కదులుతున్నాయన్నది 1980ల మొదట్లో మాస్కోలోని కుర్చతోవ్ ఇన్‌స్టిట్యూట్, జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం బృందాలు వేర్వేరుగా తేల్చాయి.

ఇక్కడి చర్య చూడండి. పరమాణువు పక్క అణువులోని ఒక పరమాణువుతో బంధం కడుతుంది, రెండోది ఒంటరిదవుతుంది. ఆ రెండోది తన అవతలి అణువుతో అదే పని చేస్తుంది. ‘ఒంటరి పరమాణువు’ అనే స్థితి స్ఫటికంలో ఒక స్థానం దాటి ఇంకో స్థానానికి చేరింది, కానీ ఏ ఒక్క కేంద్రకమూ అంత దూరం ప్రయాణించలేదు. ఒక్కో కేంద్రకం జరిగింది ఆంగ్‌స్ట్రామ్‌కు అటూ ఇటూ మాత్రమే. టన్నెలింగ్‌లో అవరోధం ఎత్తు కంటే వెడల్పు ఎక్కువ దెబ్బ తీస్తుంది: సంభావ్యత వెడల్పుతో ఘాతీయంగా పడిపోతుంది, ఎత్తుకైతే దాని వర్గమూలంతోనే. కాబట్టి 0.42 ఎలక్ట్రాన్ ఓల్టుల ఎత్తైన గోడే అయినా సన్నగా ఉంటే దారి దొరుకుతుంది. పారాబోలా ఆకారంలో, ఒక ఆంగ్‌స్ట్రామ్ వెడల్పున్న అవరోధాన్ని ప్రోటాన్ దాటే సంభావ్యత 10⁻¹⁰ దగ్గర తేలుతుంది. సెకనుకు 10¹² ప్రయత్నాలు అనుకుంటే సెకనుకు వంద దాకా దాటడాలు. ఇది మోటు లెక్క. అసలు స్ఫటికంలో పరమాణువు, అణువు ముందు 3.79 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరం నుంచి దగ్గరికి రావాలి, అందుకు చుట్టుపక్కల అణువులు కాస్త సర్దుకోవాలి, కాబట్టి నిజమైన వేగం ఇంకా తక్కువ. అయినా 10⁻⁵²⁰ తో పోలిస్తే ఇది మరో లోకం.

అదే అవరోధం ముందు ప్రోటాన్ బదులు డ్యూటీరాన్‌ను, అంటే బరువైన హైడ్రోజన్ ఐసోటోపు డ్యూటీరియం కేంద్రకాన్ని, పెడితే ఘాతం √2 రెట్లు (సుమారు 1.41 రెట్లు) అవుతుంది, సంభావ్యత 10⁻¹⁴కి పడుతుంది. ద్రవ్యరాశి రెట్టింపైతే వేగం పదివేల రెట్లు తగ్గుతుందన్న మాట. ఘన డ్యూటీరియంలో డ్యూటీరియం పరమాణువులు అదే ఉష్ణోగ్రత దగ్గర హైడ్రోజన్‌లో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కాలం నిలవడానికి ఇదే ప్రధాన కారణం.

స్వచ్ఛమైన హైడ్రోజన్‌లో పరమాణువు గెంతిందా, బంధం చోటు మారిందా అన్నది బయటినుంచి తెలియదు. ముందూ వెనకా ఉన్నవన్నీ ఒకే రకం కదా. దీన్ని తేల్చే ఉపాయం ఐసోటోపులు. డ్యూటీరియంలో కొద్దిపాటి హైడ్రోజన్ కలిపి గడ్డకట్టించి, 4.2 కెల్విన్‌ల దగ్గర కిరణాలకు గురిచేస్తే మొదట ఎక్కువగా కనిపించేవి డ్యూటీరియం పరమాణువులు. గంటలు గడిచేకొద్దీ స్పిన్ రెజొనెన్స్ వర్ణపటంలో వాటి గీతలు తగ్గుతాయి, హైడ్రోజన్ పరమాణువుల గీతలు పెరుగుతాయి. ఒక ఐసోటోపు ఇంకోటిగా మారడం లేదు. డ్యూటీరియం పరమాణువు హైడ్రోజన్ అణువును చీల్చి, ఒక ప్రోటాన్‌తో బంధం కట్టి, రెండోదాన్ని వదిలేసింది. ఉత్త గెంతులే జరిగి ఉంటే రెండు రకాల గీతలూ తగ్గాలి తప్ప ఒకటి పెరగకూడదు.

ఈ మార్పు ఒకే దిశలో సాగుతుంది. బరువైన అణువుకు శూన్యబిందు శక్తి తక్కువ: హైడ్రోజన్ అణువుకు 270 మిల్లీ ఎలక్ట్రాన్ ఓల్టులు, హైడ్రోజన్–డ్యూటీరియం జంటకు 234, డ్యూటీరియం అణువుకు 192. డ్యూటీరియం బంధంలోకి పోయి హైడ్రోజన్ ఒంటరిదయ్యే ప్రతి అడుగులోనూ 36 నుంచి 43 మిల్లీ ఎలక్ట్రాన్ ఓల్టులు మిగులుతాయి. వెనక్కి రావాలంటే ఆ శక్తిని తెచ్చుకోవాలి, అది 400 కెల్విన్‌లకు పైమాటే. టన్నెలింగ్ గోడను దాటిస్తుంది గానీ లోటు శక్తిని సమకూర్చదు. మొదటిసారి చదివేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. టన్నెలింగ్ ఉంది కదా అని 4 కెల్విన్‌ల దగ్గర ఎగువకు ఎక్కే చర్య జరగదు. హైడ్రోజన్ పరమాణువు శుద్ధమైన డ్యూటీరియం స్ఫటికంలో చిక్కితే దానికి బంధం మార్చే దారి మూసుకుపోతుంది, మిగిలేది అసలైన గెంతు మాత్రమే.

గెంతుల్ని లెక్కపెట్టడం

పరమాణువుల సంఖ్య చెప్పేది ఎలక్ట్రాన్ స్పిన్ రెజొనెన్స్. హైడ్రోజన్ పరమాణువుకు రెండు గీతలు, వాటి మధ్య దూరం 507 గాస్‌ల దరిదాపు. ఖగోళ శాస్త్రవేత్తలకు 21 సెంటీమీటర్ల రేడియో తరంగంగా పరిచయమున్న 1,420 మెగాహెర్ట్జ్ చీలికే ఇది. డ్యూటీరియంకు మూడు గీతలు, 78 గాస్‌ల ఎడంతో. రెండూ కలిసి ఉన్నా గుర్తుపట్టడంలో గందరగోళం ఉండదు.

గందరగోళం వచ్చేది మైక్రోవేవ్ శక్తి దగ్గర. చల్లటి స్వచ్ఛమైన పారా హైడ్రోజన్‌లో పరమాణువు స్పిన్ తిరిగి సర్దుకోవడానికి చాలా సమయం తీసుకుంటుంది. మామూలు రసాయన నమూనాలకు వాడే మిల్లీవాట్‌ల శక్తి ఇస్తే గీత సంతృప్తమై కుంగిపోతుంది, పరమాణువులు ఉన్నదానికంటే తక్కువ కనిపిస్తాయి. ఉష్ణోగ్రత పెంచితే సంతృప్తత తగ్గి గీత పెరుగుతుంది, దాన్ని పరమాణువులు పుట్టుకొస్తున్నాయని పొరబడవచ్చు. శక్తిని మైక్రోవాట్‌కూ అంతకు దిగువకూ దించి, గీత ఎత్తు శక్తి వర్గమూలంతో సరిగ్గా తగ్గుతోందని చూసుకున్నాకే అంకెల్ని నమ్మాలి.

రెండు పరమాణువులు కలిస్తే అణువు అవుతుంది, కాబట్టి సాంద్రత తగ్గుదల ద్వితీయ క్రమాంకంలో ఉంటుంది. సాంద్రత విలోమాన్ని కాలంతో గీస్తే సరళరేఖ రావాలి, దాని వాలే చర్యా స్థిరాంకం. ఒక ఉదాహరణ: ఘన సెంటీమీటరుకు 10¹⁸ పరమాణువులతో మొదలై రెండు గంటల్లో సగమైతే స్థిరాంకం సెకనుకు 1.4×10⁻²² ఘన సెంటీమీటర్లు. దీన్ని 4π తోనూ, రెండు పరమాణువులు కలిసే దూరం 4 ఆంగ్‌స్ట్రామ్‌ల తోనూ భాగిస్తే విసరణ గుణకం వస్తుంది: సెకనుకు 2.8×10⁻¹⁶ చదరపు సెంటీమీటర్లు. 3.79 ఆంగ్‌స్ట్రామ్‌ల గెంతు అనుకుంటే సెకనుకు ఒక గెంతుకు కాస్త పైన. రెండు గంటల్లో ఎనిమిది వేలకు పైగా గెంతులు, నికరంగా పోయిన దూరం 35 నానోమీటర్ల దాకా. ఆ సాంద్రతలో పరమాణువుల మధ్య సగటు దూరం 10 నానోమీటర్లు. తన దూరానికి మూడింతలు తిరిగితే జోడీ దొరికింది, లెక్క పొసిగినట్టే.

ఈ లెక్కలో రెండు గుంటలున్నాయి. ఒకే రకం కణాలు జతకూడేటప్పుడు స్థిరాంకంలో రెండు అనే గుణకం ఉందా లేదా అన్నది ఒక్కో పత్రంలో ఒక్కోలా ఉంటుంది, చూసుకోకుండా పోల్చితే విసరణ రెట్టింపో సగమో అవుతుంది. రెండోది ఇంకా ముఖ్యం. కిరణాలు అణువును చీల్చినప్పుడు రెండు పరమాణువులూ దగ్గరదగ్గరే పడతాయి. తొలి ఘడియల్లో కలిసేవి ఈ కవలలే. అప్పటి తగ్గుదలను సూత్రంలో వేస్తే విసరణ చాలా వేగంగా ఉన్నట్టు కనిపిస్తుంది. రేఖ సరళమయ్యే దాకా ఉన్న మొదటి భాగాన్ని వదిలేయాలి.

చల్లబరిస్తే ఏమవుతుంది

సుమారు 5 కెల్విన్‌ల పైన పరమాణువుల కలయిక వేగం ఉష్ణోగ్రతతో నిటారుగా లేస్తుంది, ఆ వాలు ఇచ్చే ఉత్తేజన శక్తి దాదాపు 200 కెల్విన్‌లు. ఖాళీ స్థానాల అంకె అదే. అంటే అక్కడ పరమాణువు ఖాళీల మీద సవారీ చేస్తోంది. దిగువన వాలు చదునవుతుంది, టన్నెలింగ్ రాజ్యం మొదలవుతుంది. ఇంతవరకు అందరూ ఒప్పుకునేదే.

ఇంకా చల్లబరిస్తే రెండు వాదాలు ఎదురెదురవుతాయి. ఆండ్రేయెవ్, లిఫ్షిట్స్ 1969లో చూపినదాని ప్రకారం దోషరహిత స్ఫటికంలో టన్నెలింగ్ చేసే కణం ఒకచోట ఉండే కణం కాదు, స్ఫటికమంతా పరుచుకున్న తరంగం. దాన్ని చెదరగొట్టేవి ఫోనాన్‌లు, అంటే స్ఫటికపు ప్రకంపనలు. చల్లబడేకొద్దీ అవి తగ్గుతాయి, విసరణ పెరగాలి. ఘన హీలియం-4లో హీలియం-3 పరమాణువుల తీరు ఇదే. రెండో వాదం: టన్నెలింగ్‌కు పక్కపక్క స్థానాల శక్తులు సమానంగా ఉండాలి. స్ఫటికంలో ఒత్తిడి, పగుళ్లు, ఆర్థో అణువులు, పొరుగు పరమాణువులు ఆ సమానత్వాన్ని చెడగొడతాయి. టన్నెలింగ్ వల్ల వచ్చే శక్తి పట్టీ వెడల్పు అతిస్వల్పం కాబట్టి చిన్న తేడా చాలు, దారి మూసుకుపోతుంది. ఆ తేడాను పూడ్చేది ఫోనానే, అది తగ్గితే విసరణా తగ్గుతుంది. ఒక వాదంలో ఫోనాన్ శత్రువు, ఇంకోదాంట్లో ఆసరా.

ప్రయోగాలు రెండు వైపులా సాక్ష్యం చెబుతున్నాయి. అమెరికాలోని వయోమింగ్ విశ్వవిద్యాలయ బృందం 2013లో ప్రచురించిన ఫలితంలో పారా హైడ్రోజన్‌లో నైట్రస్ ఆక్సైడ్‌ను 193 నానోమీటర్ల కాంతితో ఛేదించినప్పుడు ఉపఉత్పత్తిగా పుట్టిన హైడ్రోజన్ పరమాణువులు 4.3 కెల్విన్‌ల దగ్గర మిగిలిన నైట్రస్ ఆక్సైడ్ జోలికి దాదాపుగా పోలేదు. 2.4 కెల్విన్‌ల దిగువకు చల్లబరచగానే చర్య చురుగ్గా మొదలైంది. చల్లారితే వేగం పుంజుకునే చర్య పాఠ్యపుస్తకాల్లో అరుదుగానే దొరుకుతుంది. మరోవైపు ఫిన్‌లాండ్‌లోని తుర్కు విశ్వవిద్యాలయంలో 2006 నుంచి 4.6 టెస్లాల అయస్కాంత క్షేత్రంలో చేసిన పనిలో, 150 మిల్లీకెల్విన్‌ల దగ్గర పలచటి పొరల్లో ఘన సెంటీమీటరుకు 10¹⁸ దాటిన సాంద్రతలోనూ పరమాణువులు కలయిక దాదాపు ఆగిపోయి నిలకడగా ఉన్నాయి. అక్కడ హైపర్‌ఫైన్ స్థాయిల (ఎలక్ట్రాన్, కేంద్రక స్పిన్‌ల వల్ల చీలిన శక్తి స్థాయిల) జనాభా, ఉష్ణోగ్రతను బట్టి ఏ స్థాయిలో ఎన్ని ఉండాలో చెప్పే బోల్ట్‌జ్‌మాన్ నియమం చెప్పినట్టు లేకపోవడం ఇంకో విడ్డూరం.

ఈ రెండూ పరస్పర విరుద్ధమని అనుకోనక్కర్లేదు. మొదటిదాంట్లో పరమాణువులు పలచగా, పొర మందంగా, తోడు దొరికేది స్థిరంగా కూర్చున్న మలిన అణువు దగ్గర. రెండోదాంట్లో పరమాణువులు దట్టంగా, పొర నానోమీటర్ల మందంలో, తోడు దొరికేది ఇంకో పరమాణువు దగ్గర. రెండు పరమాణువులు దగ్గరయ్యేకొద్దీ ఒకదాని చుట్టూ ఉన్న స్ఫటిక ఒత్తిడి రెండోదాని స్థానాల సమానత్వాన్ని చెడగొడుతుంది, చివరి కొన్ని అడుగులకు ఫోనాన్ సాయం తప్పదు. దూరంగా తిరగడం ఒక సమస్య, దగ్గరై కలవడం మరో సమస్య. కలయిక వేగం ఒక్కటే కొలిచి దాన్ని విసరణ అని పిలిచినంతకాలం ఈ గొడవ తీరదు.

నమూనా చెడిపోయే మార్గాలు

మంచి కొలతకు ఆర్థోను ఒక శాతంలో వందో వంతుకు దించాలి. మామూలు హైడ్రోజన్‌ను 15 కెల్విన్‌ల దగ్గర, ఇనుప హైడ్రాక్సీ ఆక్సైడ్ నింపిన గొట్టం గుండా పంపితే ఉత్ప్రేరకం మీది అయస్కాంత అయాన్లు ఏడు నెలల పనిని క్షణాల్లో ముగిస్తాయి. ఉత్ప్రేరకాన్ని ముందుగా శూన్యంలో వేడిచేసి తేమ తీసేయకపోతే మార్పిడి సగంలో ఆగుతుంది. వచ్చిన వాయువును 2 నుంచి 3 కెల్విన్‌ల దగ్గరున్న పారదర్శక కిటికీ మీదికి గంటకు కొన్ని వందల మిల్లీమోల్‌ల చొప్పున వదిలితే, మిల్లీమీటర్ల మందాన గాజులాంటి ఘనం కడుతుంది. అమెరికా వైమానిక దళ పరిశోధకులు ఫజార్డో, టామ్ 1998లో ఈ పద్ధతిని నిలబెట్టారు.

కొత్తగా కట్టిన ఘనంలో రెండు రకాల కూర్పులు కలగాపులగంగా ఉంటాయి. 4.3 నుంచి 4.8 కెల్విన్‌ల దాకా కాసేపు వేడిచేస్తే చాలావరకు షడ్భుజాకార కూర్పులోకి సర్దుకుంటుంది. ఈ పని పరమాణువులు పుట్టించక ముందే చేయాలి, తర్వాత చేస్తే అవి కలిసిపోతాయి. శూన్యంలో 5 కెల్విన్‌లు దాటనివ్వకూడదు, ఘనం కళ్లముందే ఆవిరై పోతుంది. ఆర్థో ఎంత మిగిలిందో పరారుణ వర్ణపటంలో 4,150 సెం.మీ⁻¹ దగ్గరి సన్నని గీత చెబుతుంది, శుద్ధ పారాలో ఆ గీత రాకూడదు. గాలి లీకైతే చేరే ఆక్సిజన్ అన్నిటికంటే ప్రమాదం: అది అయస్కాంత స్వభావం ఉన్నది కనుక ఆర్థోను మారుస్తుంది, పరమాణువులను ఒడిసిపడుతుంది, రెండు కొలతలనూ ఒకేసారి పాడుచేస్తుంది.

ఉష్ణమాపకం రాగి దిమ్మె మీద ఉంటుంది, పరమాణువులు మిల్లీమీటరు పైన ఉంటాయి. లేజర్ వెలుగుతున్నప్పుడు ఈ రెండు చోట్లా ఉష్ణోగ్రత ఒకటేనని నమ్మితే ప్రమాదం. 200 కెల్విన్‌ల ఉత్తేజన శక్తి దగ్గర 4 నుంచి 5 కెల్విన్‌లకు పెరిగితే ఖాళీల గెంతులు ఇరవై వేల రెట్లు పెరుగుతాయి. టన్నెలింగ్ అని రాసుకున్నది మామూలు వేడి కదలికై ఉండవచ్చు.

పరమాణువులను దట్టంగా నింపాలనుకున్నవాళ్లకు ఈ వేడే అడ్డు. రెండు పరమాణువులు కలిస్తే 4.48 ఎలక్ట్రాన్ ఓల్టులు వెలువడతాయి. ఘన సెంటీమీటరుకు 10¹⁸ పరమాణువులు ఒక్కసారిగా కలిస్తే 0.36 జౌల్. ఆ ఘనాన్ని 4 నుంచి 10 కెల్విన్‌లకు తేవడానికి 0.15 జౌల్ చాలు. అంటే ఎక్కడో ఒక మూల కాస్త వేడెక్కితే అక్కడి ఖాళీలు పరమాణువుల్ని కలుపుతాయి, ఆ వేడి పక్క భాగాన్ని లేపుతుంది, మొత్తం ఒక్క ఊపులో అయిపోతుంది. స్ఫటికంలో నూటికి ఒక అణువు చోట పరమాణువు ఉంటే విడుదలయ్యేది ఘన సెంటీమీటరుకు 93 జౌల్‌లు. ఘనాన్ని కరిగించి ఆవిరి చేయడానికి కావాల్సింది దాదాపు 45 మాత్రమే. 1990ల్లో పరమాణు హైడ్రోజన్‌ను ఘన హైడ్రోజన్‌లో దాచి రాకెట్ ఇంధనంగా వాడాలన్న ఆలోచనకు అడ్డుపడిన అంకెలు ఇవే. టన్నెలింగ్ వల్ల నిల్వ గంటల్లో సగమవుతుంది. దాన్ని ఆపడానికి ఒక కెల్విన్ దిగువకు చల్లబరిస్తే, అంత చల్లగా టన్నుల కొద్దీ ఘనాన్ని ఉంచగలిగే ట్యాంకు రాకెట్ మీదికి ఎక్కదు.